బోర్డు లేని కొట్టులో కాంటెస్సా మడ్‌గార్డ్

ముందే చెప్పేస్తాను. తణుకులో ఉన్న ఈ పాత కార్ల సామాన్ల కొట్టుకి నేను అయిదుకి నాలుగు వేస్తాను. ఆ పోయిన ఒక్కటీ ఎందుకు పోయిందో కూడా చెబుతాను, అది 900 రూపాయల కథ. కొట్టుకి పేరు లేదు, బోర్డు లేదు, బిల్లు బుక్కు అంతకన్నా లేదు. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, వే బ్రిడ్జి ఎదురు సందులో, తాటాకు పందిరి కింద గేరుబాక్సులు పేర్చి ఉంటాయి చూడండి, అదే. అడిగితే "అంబాసిడర్ తాతగారి కొట్టు" అని ఎవరైనా చూపిస్తారు.

నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. మెకానిక్‌ని కాను. ఆరు నెలల క్రితం లోయర్ ఆర్మ్ అంటే ఏదో యోగాసనం అనుకునేదాన్ని. కాబట్టి ఇందులో సాంకేతికంగా ఎక్కడైనా పొరపాటు దొర్లితే మేస్త్రీలు మన్నించాలి. లెక్కల్లో మాత్రం పొరపాటు ఉండదు.

బండి మా నాన్నగారిది. 1994 కాంటెస్సా క్లాసిక్, తెల్లది, పెట్రోలు, ఏపీ 37 నంబరు. నాన్నగారు పాలకొల్లులో కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. కాయకి పావలా మిగిలే వ్యాపారంలో ఈ ఏనుగుని ఎందుకు కొన్నావురా అని మా పెదనాన్న గొడవ. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో తోటలకి తోటలు నేలకొరిగాయి. ఆ తర్వాత లోడు దొరక్క అమ్మ గాజులు వెళ్ళాయి, గోడౌను వెళ్ళింది, కారు మాత్రం వెళ్ళలేదు. ఆ మాట అమ్మ ఇప్పటికీ అంటుంది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అన్నయ్య ఎలక్ట్రిక్ కారు కొనుక్కున్నాడు. ఇది నాకు వచ్చింది.

పోయిన ఏప్రిల్ ఆఖర్లో, దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు, మార్టేరు వైపు నుంచి వస్తున్నాను. ఆ రోజుల్లో మా వైపు రోడ్లు ఎలా ఉంటాయో తెలిసిందే, సగం రోడ్డు, సగం కళ్ళం. నా వైపు ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టారు. పక్కకి తీసి వెళ్తుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు, ఆ గడ్డికి రోడ్డే కనపడటం లేదు. మళ్ళీ ఎడమకి తిప్పాను. ధాన్యం మీద చక్రం నిలబడదండి, గోలీల మీద నడిచినట్టే. బ్రేకు తొక్కినా బండి అలాగే జారుకుంటూ వెళ్ళి తూము గోడకి ఎడమ మొహం కొట్టుకుంది. నాకేమీ కాలేదు. రైతు పరిగెత్తుకొచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత ధాన్యాన్ని చూశాడు. పారబోసిన దానికి 500 ఇస్తే తీసుకోలేదు. రేడియేటర్ నీళ్ళు కారుతుంటే బిందె తెచ్చి పట్టాడు, ఎందుకో ఇద్దరికీ తెలీదు.

ఎడమ మడ్‌గార్డ్ తుక్కు. రెండు లైట్లు, ఇండికేటర్ పోయాయి. గ్రిల్ మూడు ముక్కలు. రేడియేటర్ చిల్లు, ఫ్యాన్ రెక్కలు విరిగాయి, ఆ దెబ్బకి వాటర్ పంప్ కూడా. ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగింది. బోనెట్ మూల మడత పడింది కానీ దాన్ని మా ఊరి టింకరింగ్ మేస్త్రి కొట్టి సరిచేశాడు. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే, కాబట్టి ఆ కథ లేదు. మా ఆయన రెండు మాటలన్నారు. ఒకటి, "దెబ్బలేం తగల్లేదు కదా." రెండోది, "కిలో లెక్కన ఇచ్చెయ్యి." ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ 10,000 చేశారని ఆగస్టులో పేపర్లో వచ్చినప్పుడు ఆ కటింగ్ తీసి ఫ్రిజ్ మీద అంటించారు కూడా.

కుర్రాళ్ళకి తెలీదేమో, కాంటెస్సా అంటే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1984 నుంచి 2002 దాకా చేసిన కారు. అంబాసిడర్ కూడా వాళ్ళదే. పొడుగు ముక్కు, నాలుగు గుండ్రటి లైట్లు, వెడల్పాటి డిక్కీ. మా వీధి పిల్లలు "విలన్ కారు" అంటారు. ఇండియా మజిల్ కారు అని దీనికో బిరుదు ఉంది, మజిల్ కారంటే పెద్ద ఇంజనున్న అమెరికా కండల కారు. ఆ పోలిక ఊరికే రాలేదు. దీని అచ్చు 1970ల్లో ఇంగ్లండులో వాక్స్‌హాల్ చేసిన విక్టర్ ఎఫ్‌ఈ, ఆ వాక్స్‌హాల్ అప్పట్లో అమెరికా జనరల్ మోటార్స్ వాళ్ళది. మొహం అక్కడి నుంచి వచ్చింది. కండలు మాత్రం మొహానికే. అసలు అమెరికా మజిల్ కారు 1969 డాడ్జ్ ఛార్జర్ ఆర్/టీలో 375 గుర్రాల (హార్స్‌పవర్) బలం ఉంటే నా బండిలో తొంభై కూడా లేవు. అయినా సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన మీద అయిదో గేరులో వెళ్తుంటే నాకది చాలు.

కంపెనీ ఆ కారు మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. షోరూం లేదు, డీలరు లేడు. సామాను ఎక్కడ దొరుకుతుంది?

మొదట విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. ఒక రోజు లీవు, మండుటెండ. పదకొండు కొట్లు తిరిగాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో ఏడింట్లో "సార్‌ని పంపండి మేడమ్" అన్నారు. సార్‌కి బోనెట్ ఎటు తెరుచుకుంటుందో తెలీదని చెప్పినా నమ్మరు. ఒకాయన మంచివాడు, "చెన్నై పుదుప్పేటలో గానీ, కలకత్తా మల్లిక్ బజార్లో గానీ చూడాలండి" అన్నాడు. చెన్నైలో ఉన్న మా బ్యాచ్‌మేట్ పుదుప్పేట వెళ్ళి అడిగితే మడ్‌గార్డ్ ఉందన్నారట, కానీ అది కుడిది. కుడిది నాకు ఉంది కదా.

తర్వాత ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు. పేరెందుకులెండి. "కాంటెస్సా హెడ్‌లైట్ జత, ఒరిజినల్" అని ఫొటో, 4,700 రూపాయలు ముందే వేయమన్నాడు. బ్యాంకులో పనిచేస్తూ, రోజూ కస్టమర్లకి "ముందు డబ్బు పంపకండి" అని చెప్పే నేను పంపాను. పెట్టె వచ్చింది, తెరిస్తే అంబాసిడర్ లైటు. ఒక్కటే, జత కూడా కాదు. అది పెద్దది, నా బండిలో రెండు చిన్న లైట్లుండే చోట ఇది గుమ్మడికాయలా అడ్డం పడుతుంది. ఫోన్ చేస్తే "నో రిటర్న్ అని కింద రాశాం మేడమ్". రాశారు, నిజమే. చీమ కాలంత అక్షరాల్లో.

తణుకు కొట్టు గురించి చెప్పింది మా రేడియేటర్ మేస్త్రి. పాత రేడియేటర్ పైట్యాంకు, కిందిట్యాంకు ఉంచి మధ్యలో కోరు కొత్తది అతికించాడు, 5,500 తీసుకున్నాడు. "తణుకులో ఒక తాతగారున్నారండి, కలకత్తా ఫ్యాక్టరీ బాగున్న రోజుల్లోనే అంబాసిడర్ సామాను పెట్టారు. ఉంటే ఆయన దగ్గరే ఉంటుంది, లేకపోతే లేనట్టే" అన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు తాతగారు పేపరు చదువుకుంటున్నారు. డెబ్భై పైనే ఉంటాయి, అడ్డపంచె, చెవి మీద పెన్సిలు. కాంటెస్సాకి ఎడమ మడ్‌గార్డ్ కావాలండి అన్నాను. పేపరు దించకుండానే అడిగారు.

"ఏ ఇంజనమ్మా? పాత పదిహేనువందలా, ఇసుజునా?"

మడ్‌గార్డ్‌కి ఇంజన్‌తో ఏం పనండీ అనబోయి ఆగాను. కాంటెస్సా మొదట్లో అంబాసిడర్ 1500 సీసీ ఇంజన్‌తోనే వచ్చింది, అంత పెద్ద ఒంటికి అది చాలలేదు. తర్వాత జపాన్ ఇసుజు 1800 పెట్రోలు, అయిదు గేర్లతో పెట్టారు, ఆ పైన రెండువేల డీజిలు. నాది 1800 అని డిక్కీ మీద రాసి ఉంటుందని చెప్పాను. అప్పుడు పేపరు మడిచారు.

"డిక్కీ మీద రాసుందని ఇంజనుంటుందేంటమ్మా? సగం బళ్ళకి ఇంజను మార్చేశారు. ఏదుందో చూసుకుని రా. మడ్‌గార్డ్‌కి అక్కర్లేదు, నీకు పంపు కూడా కావాలంటావ్ రేపు."

నేను పంపు సంగతి ఎత్తనే లేదు. ఎడమ మొహం కొట్టుకున్న బండికి ఏమేం పోయి ఉంటాయో ఆయనే వరసగా చెప్పారు, ఫ్యాన్, పంపు, ఆర్మ్, లైట్లు. ఒక్కటీ తప్పలేదు. అన్నీ చెప్పి ఏదీ అమ్మలేదు. పాత ముక్క తెస్తే గానీ కొత్తది ఇవ్వనన్నారు. ఫోన్లో ఫొటోలు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఫొటోలో అన్నీ ఒకలాగే ఉంటాయమ్మా." ఆన్‌లైన్ లైటు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

కోపం వచ్చిన మాట నిజం. పాలకొల్లు నుంచి బస్సులో వచ్చి వట్టి చేతులతో వెళ్ళడం. కానీ ఆయన "సార్‌ని పంపు" అనలేదు, "ముక్క తీసుకు రా" అన్నారు. ఆ తేడా నాకు బస్సెక్కాక అర్థమైంది.

రెండోసారి వంగిన లోయర్ ఆర్మ్, వాటర్ పంప్, పగిలిన ఇండికేటర్ సిమెంటు సంచిలో వేసుకుని బస్సులో వెళ్ళాను. ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చిన కొత్త. నాకు జీరో టికెట్ కొట్టి, సంచికి లగేజీ టికెట్ కొట్టాడు కండక్టరు. "ఏంటండీ ఇందులో, చేపలా?" "కారు." నవ్వలేదు పాపం, చాలా రద్దీగా ఉంది. మడ్‌గార్డ్ ముక్క మాత్రం మా మేస్త్రి తమ్ముడి ట్రాలీ ఆటోలో అదే రోజు చేరింది.

ఆ రోజు తాతగారు మూడు గంటలు నాతోనే ఉన్నారు. మనవడు అటక మీద నుంచి మడ్‌గార్డ్ దింపాడు, మెరూన్ రంగుది, పాత న్యూస్ పేపర్లు చుట్టి. తాతగారు గుడ్డలో చుట్టిన పాత స్పీకర్ అయస్కాంతం నా చేతికిచ్చి "రుద్దు" అన్నారు. రేకున్న చోట పట్టుకుంటుంది, సొట్టలు పూడ్చే మెటల్ పేస్ట్ మెత్తిన చోట జారిపోతుంది. చక్రం పైన ఒంపు దగ్గర జారింది. నేను తల ఎత్తేలోపే ఆయనే అన్నారు, "అక్కడ జానెడు మేర పేస్టుంది. తొమ్మిది వేలు చెప్పాలి, దానికి వెయ్యి తీసెయ్యి." లోపలి అంచు మీద వేలు పెట్టి చూడమన్నారు, తుప్పు పైన కాదు లోపల మొదలవుతుందని. మా డెల్టా గాలిలో ఉప్పు, ఇంటి ముందు నిలిచే నీళ్ళు, ఇక్కడ పాత కార్లన్నీ కింద నుంచే తినబడతాయట. అందుకే ఈ మడ్‌గార్డ్ ఎక్కడి బండిదని అడిగితే "అనంతపురం. పొడి ఊరు" అన్నారు గర్వంగా.

పాత మడ్‌గార్డ్‌ని, దీన్ని పక్కపక్కన పెట్టి బోల్టు కన్నాలు లెక్కపెట్టించారు. లైటు రింగులు నా బండి ముక్కలో పెట్టి, తిప్పి, బిగించి, ఊడదీసి, అప్పుడు డబ్బు మాట.

నేను మెచ్చుకున్నది వాటర్ పంప్ విషయం. కాంటెస్సా పంపు అంటే దొరకదని విజయవాడలో అందరూ చెప్పారు. ఆయన అంబాసిడర్ పంపు తీశారు. నేను నవ్వాను, మళ్ళీ అంబాసిడరేనా అని. 1990ల్లో అంబాసిడర్‌లో కూడా ఇదే ఇసుజు 1800 పెట్టారట, ఐఎస్‌జెడ్ అని. అంబాసిడర్ 2014 దాకా వచ్చింది కాబట్టి దాని సామాను ఇంకా కొట్లలో మిగిలింది. కాంటెస్సా పేరుతో అడిగితే లేదంటారు, అంబాసిడర్ ఐఎస్‌జెడ్ పేరుతో అడిగితే అదే వస్తువు అరలోంచి వస్తుంది. ఇంజనుకి సంబంధించిన ప్రతిదానికీ ముందు అలా అడగమన్నారు. ఈ ఒక్క ముక్క విజయవాడలో ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఒక లీవు మిగిలేది.

ఇంకోటి. పనిలో పనిగా బ్రేకు సిలిండర్ రబ్బర్లు కూడా మార్పిద్దామని అడిగాను. కంపెనీ సీలు తీయని పెట్టె ఉంది, నేను చూశాను. ఇవ్వనన్నారు. "సీలు చూడకమ్మా, ఏ ఏడాదిదో చూడు. పాతికేళ్ళు పెట్టెలో పడుకున్న రబ్బరు బ్రేకుకి పనికి రాదు. గోడకి తగిలించుకుంటానంటే ఇస్తా." ఒక రబ్బరు తీసి వంచి చూపించారు, వెంట్రుకల్లా పగుళ్ళు. సిలిండర్ కొలత తీసుకుని, ఆ కొలతకి ఇప్పుడు తయారయ్యే కొత్త రబ్బర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపారు. వచ్చిన బేరం పోగొట్టుకున్నట్టే కదా. నేను కౌంటర్లో కూర్చుని చూసిన వ్యాపారస్తుల్లో ఇలాంటి వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

లెక్క ఇదీ. మడ్‌గార్డ్ 8,000. లైట్లు రెండూ రింగులతో 1,800. ఇండికేటర్ అద్దం 350. లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్‌తో 3,200. పంపు, ఫ్యాన్ కలిపి 2,650. మొత్తం సరిగ్గా 16,000. ఏదైనా తగ్గించండి అంటే మనవడితో టీ తెప్పించారు, అంతే తగ్గింపు.

ఇప్పుడు ఆ పోయిన నక్షత్రం. లోయర్ ఆర్మ్ ఇచ్చేటప్పుడు "బుష్షులు బాగున్నాయి, వేసుకో" అన్నారు. బుష్షులంటే ఆర్మ్ కీలు దగ్గరుండే రబ్బరు తొడుగులు. నేను వాటిని వంచి చూడలేదు, రబ్బరు పాఠం ఆ తర్వాతే చెప్పారు కదా. మా మేస్త్రి బండికి బిగించి రెండు కిలోమీటర్లు తిప్పగానే ఎడమ పక్క నుంచి టకటక. విప్పితే బుష్షులు ఎండి రాలిపోతున్నాయి. లేత్ షాపులో కొత్తవి ఎక్కించడానికి 900. ఫోన్ చేశాను. ఎత్తరు, ఎప్పుడూ ఎత్తరు, ఫోను గల్లాపెట్టెలో ఉంటుంది. మూడోసారి వెళ్ళినప్పుడు రాలిన బుష్షు ఆయన బల్ల మీద పెట్టాను. చూశారు. "చూసి తీసుకోవాలమ్మా" అన్నారు. బ్రేకు రబ్బరు విషయంలో నన్ను కాపాడిన మనిషే ఈ మాట అనడం నాకు నచ్చలేదు. 900 ఇవ్వలేదు. వచ్చేటప్పుడు పాత డోర్ హ్యాండిల్ ఒకటి సంచిలో పడేశారు, ఊరికే. అది కుడి వెనక తలుపుది, నా బండికి ఆ హ్యాండిల్ నాలుగేళ్ళుగా వదులు. నేను ఆ సంగతి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. అయినా నక్షత్రం ఇవ్వను, బుష్షులు బుష్షులే.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. పొద్దున్న పది తర్వాత వెళ్ళండి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఆయన నిద్ర. ఆదివారం లేదు. డబ్బు మనవడి ఫోన్‌కి పంపొచ్చు, మనవడు లేకపోతే నోట్లే. బిల్లు ఇవ్వరు, కాబట్టి ఇన్సూరెన్స్ క్లెయిముకి ఈ కొట్టు పనికి రాదు. కూర్చోవడానికి టైరు ఉంది, తాగడానికి కూజా నీళ్ళు. బాత్రూం లేదు, ఆడవాళ్ళు అది చూసుకుని బయల్దేరాలి. వానాకాలం ఎడమ అరల మీద పందిరి కారుతుంది, ఆ వైపు ఉన్న స్టార్టర్, డైనమో లాంటివి విప్పి లోపల చూడందే తీసుకోవద్దు. పాత ముక్క లేకుండా వెళ్ళొద్దు. ఇంజను నంబరు రాసుకుని వెళ్ళండి, డిక్కీ మీద పేరు చదివి చెప్పకండి.

బండి దసరా ముందు రోడ్డెక్కింది. మడ్‌గార్డ్‌కి తెల్లరంగు వేశాడు మేస్త్రి, కానీ బోనెట్ ఎత్తితే లోపలి అంచున మెరూన్ కనబడుతుంది. అది వేయొద్దని నేనే అన్నాను. అమ్మని ఎక్కించుకుని క్షీరారామం దాకా వెళ్ళొచ్చాం. ఆవిడ ముందు సీట్లో కూర్చుని డాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టి, "గాజులు పోతే పోయాయిలే" అంది. మా ఆయన పేపర్ కటింగ్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, తీయలేదు.

గ్రిల్ మాత్రం దొరకలేదు. ప్రస్తుతం ఆరల్డైట్ జిగురు పెట్టి అతికించిన మూడు ముక్కలే. తాతగారి నోట్‌బుక్‌లో నా నంబరు రాయించి వచ్చాను, "కాంటెస్సా జాలీ, పాలకొల్లు బ్యాంకమ్మాయి" అని. ఎవరి దగ్గరైనా ఉంటే ముందు ఆయనకే చెప్పండి. నాకు నేరుగా ఫొటో పంపకండి, ఫొటోలో అన్నీ ఒకలాగే ఉంటాయి.